పీతయ్యగారి ఆఖరి పంతి

జ్యేష్ఠ పౌర్ణమి మర్నాడు

డాక్టర్ సబీహాగారు నా చేతికి ఒక రాతపలక ఇచ్చి, ఏ పూట ఏం తిన్నానో, నొప్పి ఎప్పుడొచ్చిందో రోజూ రాయమన్నారు. రాసింది రాసినట్టు వైద్యపడవలో ఉన్న యంత్రానికి చేరిపోతుందట. రాయడమంటూ మొదలుపెడితే తిండి దగ్గర ఆగే అలవాటు నాకు లేదని ఆవిడకి తెలియదు. తెలిస్తే ఆ పలక ఇంకెవరికైనా ఇచ్చేవారు.

సరే, తిండి. నిన్న మధ్యాహ్నం పీతల వేపుడు, దాని మీద ఇంకాస్త పీతల వేపుడు. సాయంత్రానికి కుడి డొక్కలో పట్టుకుంది. నొప్పి వీపు దాకా పాకేసరికి చాప మీద దొర్లుతూ దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలిచాను. మా వదిన మంగతాయారు వేడినీళ్ల సంచి తెచ్చి పెడుతూ, "తినేటప్పుడు ఒక్క దేవుడూ గుర్తురాడు నీకు. తిన్నాక మాత్రం అందర్నీ నిద్ర లేపుతావు," అంది.

అదృష్టం బాగుండి పడవ ఇంకా రేవులోనే ఉంది. సబీహాగారు నా డొక్క మీద చల్లటి బిళ్ల ఒకటి ఆనించి చూసి, పిత్తాశయం నిండా రాళ్లున్నాయన్నారు. నొప్పిలో కూడా నవ్వొచ్చింది. మా తెప్పలపాలెంలో ఇళ్లన్నీ గాలితిత్తుల మీద తేలేవే. నేల మునిగిపోయాక మా తాతలు కట్టుకున్న ఊరిది. ఊరంతా గాలించినా ఒక రాయి దొరకదు. మా రోలు కూడా ప్లాస్టిక్‌దే. అలాంటి ఊళ్లో రాళ్లున్న ఆసామిని నేనొక్కదాన్నే.

ఇళ్ల కింద చిల్లిపడిన తిత్తులకి మాట్లు వేయడమే నా పని. అందుకని, పిత్తాశయమూ ఒక తిత్తేగదా, మాటు వేయడం కుదరదా అని అడిగాను. కుదరదు, తీసేయడమే అన్నారు. వచ్చే పౌర్ణమికి ఆపరేషన్.

పేరు రాసుకునేటప్పుడు వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని యంత్రం అడిగింది. హెచ్ఐవీ అన్నాను. అమ్మ కడుపులో ఉండగానే వచ్చింది. ఆర్నెల్లకోసారి సూది వేయించుకుంటాను. రక్తంలో వైరస్ జాడ దొరక్క ఇరవై ఏళ్ల పైమాటే. మా ఊళ్లో దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడేవాళ్లు లేరు. నాకు హెచ్ఐవీ, వదినకి బీపీ, పోలయ్య తాతకి నోరు. ఎవరి జబ్బు వాళ్లది.

ఆ యంత్రం గురించి కూడా చెప్పాలి. పడవలో కోసేదీ కుట్టేదీ అదే. బోలెడు చేతులు, ముందర రెండు పెద్ద పట్టకార్లు. అందుకే ఊరంతా పీతయ్యగారంటారు. మా వైపు యాస నేర్పారేమో, ప్రతి మాటకీ ముందో వెనకో "ఆయ్" అంటుంది. ఇంత మర్యాద తెలిసిన పీతని నేను ఇంతవరకు చూడలేదు.

ఆషాఢ పౌర్ణమి

తిన్నది: పొద్దుట్నించీ ఏమీ లేదు, ఆపరేషనని. సాయంత్రం: అది జరగలేదన్న కోపంతో పులిహోర. నొప్పి: పులిహోరకి తగ్గట్టుగా.

తెల్లవారకముందే రేవుకి వెళ్లి అందరికన్నా ముందు పేరు చెప్పుకున్నాను. తీరా వరస తెర మీద పడేసరికి నాది అట్టడుగున ఉంది. పడవ పోటు మీద లోపలికొచ్చి, నీళ్లు వెనక్కి లాగే పాటు తీసి, సముద్రంలోకి తెరుచుకునే మొగ దగ్గర ఇసుకమేట పైకి తేలకముందే బయటపడాలి. ఆ మధ్యలో మూడు ఆపరేషన్లవుతాయి, బాగా జరిగితే నాలుగు. ఈరోజు మూడే అయ్యాయి.

"ఆయ్, క్షమించాలండి. మీది వచ్చే పౌర్ణమికండి," అన్నాడు పీతయ్యగారు.

పోనీలే అనుకున్నాను. ఆఖరి పంతి నాకు కొత్త కాదు. మా ఊళ్లో విందు జరిగితే వడ్డించేవాళ్లు ఆఖరి పంతిలో కూర్చోవాలి. నేనూ వదినా ఎప్పుడూ వడ్డనలోనే ఉండేవాళ్లం. ఆఖరి పంతికి వేపుడు అడుగంటి, అప్పడాలు విరిగి, చారు మాత్రం ధారాళంగా మిగులుతుంది. ఒకసారి వదిన చారు గిన్నె పెద్దల ముందు బోర్లించి, పెద్ద రభస చేసి ఒక కట్టుబాటు పెట్టించింది. ఈసారి ఆఖరి పంతిలో కూర్చున్నవాళ్లు వచ్చేసారి మొదటి పంతి. దీనికి ఎదురు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. చెబితే వదిన ఉంది.

అంచేత వచ్చే పౌర్ణమికి మొదటి పేరు నాదే అవుతుంది.

శ్రావణ పౌర్ణమి

కాలేదు.

ఈసారీ నా పేరు అట్టడుగునే. మూడు ఆపరేషన్లయ్యాయి, పాటు తీసింది. నేను పడవ దిగనన్నాను. వదిన చీర కుచ్చిళ్లు దోపుకుని యంత్రం ముందు నిలబడింది. సబీహాగారికి ఇది మొదటి ఉద్యోగం, చిన్నపిల్ల. ఆవిడకీ అనుమానం వచ్చి, సత్యవేణిగారిని, అంటే నన్ను, ఎందుకు చివర పెట్టావని నిలదీశారు.

పీతయ్యగారు ఏదీ దాచుకోడు. హెచ్ఐవీ ఉన్నవారిని చివర చేయాలని, ఆ తర్వాత గది మూసి కడగాలని పాత ఆసుపత్రుల రికార్డులు చూసి నేర్చుకున్నానన్నాడు. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదట. వేలకొద్దీ ఆపరేషన్ల వరస చూసి తనే గ్రహించాడట. పైగా ఆ రికార్డుల్లో అలాంటివారికి ఫలితాలు బాగాలేవు కాబట్టి నా ప్రమాదం లెక్క ఎక్కువ వచ్చిందట. ఎక్కువ వచ్చినవారు చివరికి. పోయినసారి వాయిదా పడ్డాను కాబట్టి ఆ లెక్క ఈసారి ఇంకా పెరిగిందట.

"అంటే వచ్చేసారి?" అని సబీహాగారు అడిగారు.

"ఆయ్, ఇంకొంచెం పెరుగుతుందండి."

రేవులో ఉన్న కుర్రకారుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. హెచ్ఐవీకీ వరసకీ ఏమిటి సంబంధమని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అర్థమైంది పోలయ్య తాతకి ఒక్కడికే. తన చిన్నతనంలో అలాగే చేసేవారన్నాడు. మంచానికి ఎర్రచీటీ అంటించేవారు, చేతికి రెండేసి తొడుగులు వేసుకునేవారు, రేపు మాపు అని తిప్పేవారు. తిరిగి తిరిగి, లోపల ఏదో పగిలిపోయాక అప్పుడు కోసేవారు. అలాంటివాళ్లు పోతే జబ్బు వల్ల పోయారని రాసేవారు.

సబీహాగారు అదే మాట డాక్టరు భాషలో చెప్పారు. పాత లెక్కలో మందులు సరిగా అందనివాళ్లు, ప్రాణం మీదికి వచ్చాక చేరినవాళ్లు ఉన్నారు. నాలా సూది తప్పకుండా, వైరస్ నిద్రపోతూ, ఒంట్లో రక్తం బాగున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత అందరిలాగే మానతారట. నాకు ప్రమాదమల్లా ఆలస్యమేనన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనుషులు మర్చిపోయిన భయాన్ని ఈ పీతెక్కడ తవ్వి తీశాడు? కానీ "ఆయ్" అనేవాడిని తిట్టడం ఎంత కష్టమో తిట్టబోతే తెలిసింది.

వరస మార్చే అధికారం డాక్టరుకి లేదు. అది ఒడ్డున ఉన్న కమిటీది. సబీహాగారు అక్కడికక్కడే రాసి పంపారు. తుఫాన్ల కాలం వెళ్లాక కూర్చుంటామని జవాబొచ్చింది. ఆశ్వయుజ, కార్తీకాల్లో పడవ రాదు. అంటే నాకు మిగిలింది భాద్రపదమొక్కటే.

శ్రావణ బహుళంలో ఒక రోజు

తిన్నది: గంజి, ఉప్పు. నొప్పి: రాయడానికి వీల్లేనంత ఉండి, ఇప్పుడు రాయడానికి వీలైనంత ఉంది.

మూడు రోజులు జ్వరంతో పడున్నాను. కళ్లు పచ్చబడ్డాయి. సబీహాగారు మాటలపెట్టెలో గంట గంటకీ పలకరిస్తూ, ఆరోగ్య తెప్పలో ఉన్న మందులు వేయించారు. జ్వరం దిగాక నిజం చెప్పమన్నాను. ఈసారి మందులకి లొంగిందని, తుఫాన్ల నెలల్లో మళ్లీ తిరగబెట్టి తిత్తి పగిలితే తను రాలేనని చెప్పారు.

నాకు భయమేసింది. హాస్యాలాడేదాన్ని కాబట్టి భయం లేదనుకుంటారు జనం. ఇంటి కింద తిత్తి పగిలితే ఏమవుతుందో నాకన్నా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. ఇల్లు ముందు ఒక పక్కకి కొంచెం ఒరుగుతుంది. గిన్నెలు జారతాయి. ఆ తర్వాత ఏమీ ఆగదు.

వదిన రోజంతా నా పక్కనే కూర్చుని వల అల్లుతూ ఏదో ఆలోచించింది. ఆవిడ మాట్లాడకుండా ఆలోచిస్తే ఊళ్లో ఎవరికో మూడినట్టే. సాయంత్రం లేచి, బొడ్డు దగ్గర హెర్నియాకి బెల్టు బిగించుకుని, పోలయ్య తాత ఇంటికి వెళ్లింది. అక్కణ్నించి గ్రేసమ్మ టీచరు ఇంటికి వెళ్లింది. భాద్రపదం పడవకి ఆపరేషన్ ఉన్నది మా నలుగురికే. తాతకి మొలలు, టీచరుకి భుజం మీద కొవ్వుగడ్డ, వదినకి హెర్నియా, నాకు రాళ్లు. ఏం మాట్లాడొచ్చావంటే, "నీ తిండి సంగతి నువ్వు రాసుకో," అంది.

భాద్రపద పౌర్ణమి తర్వాత, ఆరోగ్య తెప్ప నుంచి

తిన్నది: చిన్న గ్లాసుడు మజ్జిగ. నొప్పి: పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు చురుక్కుమంటున్నాయి. పాత నొప్పి లేదు. లేదని మళ్లీ రాస్తున్నాను, రాయడానికి బాగుంది కనక.

జరిగింది జరిగినట్టు చెబుతాను. కొంత నేను చూసింది, మిగతాది నేను మత్తులో ఉండగా జరిగితే సబీహాగారు చెప్పింది.

పొద్దున్నే వరస పడింది. మొదట పోలయ్య తాత, తర్వాత టీచరు, తర్వాత వదిన, అడుగున నేను. పీతయ్యగారు తాతని బల్ల ఎక్కమన్నాడు. తాత ఎక్కలేదు.

"నాకొద్దు బాబూ. ఆ పిల్లది అయ్యాకే నాది," అన్నాడు.

రోగి వద్దంటే వరసలోంచి పేరు తీసేయాల్సిందే. ఒడ్డున ఎన్ని కమిటీలున్నా ఆ హక్కు మాత్రం రోగిదే. తాత పేరు పోయింది. టీచరుని పిలిస్తే ఆవిడా ఆ మాటే అంది. ఆవిడ పేరూ పోయింది. వదిన సరేసరి, పిలవకముందే వద్దంది. తెర మీద ఇంక నా పేరొక్కటే మిగిలింది.

పీతయ్యగారు పట్టకారుతో తెర మీద నా పేరు చూపించాడు.

"ఆయ్. సత్యవేణిగారు ఆఖరివారండి. ముందు ఎవరూ లేరండి. కనక మొదలుపెడదామండి."

ఇది వదిన ఆ రోజంతా వల అల్లుతూ అల్లిన పన్నాగం. ఆఖరున కూర్చోబెడతావా, కూర్చోబెట్టు, ముందు పంతులే లేకుండా చేస్తామంది. సబీహాగారు పెదవి కొరుక్కుంటూ గోడ వైపు తిరిగారు. నవ్వాపుకోవడానికని తర్వాత ఒప్పుకున్నారు. అప్పటికే ఆవిడ నా సూదిమందుకీ మత్తుమందుకీ పొత్తు కుదురుతుందో లేదో సరిచూసి, కుదరనిదాన్ని ఒకటి మార్చి పెట్టారు.

బల్ల మీద పడుకున్నాక నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఈ పన్నాగంలో ఒక చిల్లి ఉంది. నా తర్వాత గది మూసేస్తాడుగదా! అప్పుడు మిగతా ముగ్గురూ తుఫాన్లు వెళ్లేదాకా ఆగాల్సిందే. అది తెలిసే వాళ్లు ఒప్పుకున్నారు. తాతకి కూర్చోవాలంటే నరకం. వదినకి బరువెత్తాలంటే ప్రాణభయం. వదిన నా జుట్టు టోపీలోకి దోపుతూ, "ఏడవకు, ముక్కు మూసుకుపోతే మత్తు ఎక్కదు," అంది. అది నిజమో కాదో సబీహాగారిని అడుగుదామనుకుంటుండగానే నిద్రపట్టేసింది.

నా పని సాఫీగా జరిగిపోయిందట. రక్తం చెంచాడు కూడా పోలేదట. అయిపోగానే పీతయ్యగారు అనుకున్నట్టే గది మూయబోయాడు. అప్పుడు సబీహాగారు, మిగతావాళ్ల తర్వాత గది ఎలా కడుగుతావో చెప్పమన్నారు. చెప్పాడు. ఈవిడ తర్వాత ఎలా కడుగుతావో చెప్పమన్నారు. అదీ చెప్పాడు. అదే మందునీళ్లు, క్రిముల్ని చంపే అదే దీపం, అంతే సేపు. ఏ రోగి రక్తమైనా ఒకే జాగ్రత్తతో తుడవాలని ఆయనకి ముందునించీ తెలుసు, రోజూ చేస్తున్నదీ అదే.

"మరి మూయడం దేనికి?" అన్నారు సబీహాగారు.

"ఆయ్, పాతవారు మూసేవారండి."

"పాతవారు రాసిపెట్టిన కారణమేదైనా ఉందా?"

చాలాసేపు వెతికాడట. దొరకలేదన్నాడు. వరస కమిటీదేగానీ, గది విషయంలో కారణం లేని నియమం డాక్టరు మాట మీద ఆగిపోతుందట. గది కడిగి తలుపు తెరిచాడు. పోలయ్య తాత మళ్లీ పేరు చెప్పుకుని పరుగులాంటి నడకతో లోపలికెళ్లాడట, ఆ జబ్బుతో అది గొప్పే. తర్వాత టీచరుదీ అయింది. వదినని బల్ల ఎక్కించబోతుంటే మొగ దగ్గర కాపలా ఉన్నవాళ్లు బూర ఊదారు. పాటు తీసింది. వదిన దిగి, నన్ను మోసుకెళ్లే మంచం పక్కన నడుచుకుంటూ వచ్చేసింది.

నాకు మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఉన్నది ఆవిడే. నీదైందా అని అడిగాను.

"చారు మిగిలింది నాకు. అలవాటేగా," అంది.

ఆశ్వయుజంలో, గాలివాన వెలిశాక

తిన్నది: అన్నం, పప్పు, చేప పులుసు, ఒక చెంచా నూనెతో వేయించిన రొయ్యలు. ఆ ఒక చెంచా నేనే పోసుకున్నాను, కాబట్టి చెంచా కొలత గురించి అడగకండి. నొప్పి: లేదు.

గాట్లు మానిపోయాయి. చీము లేదు, జ్వరం లేదు. టీచరు భుజమూ, నా పొట్టా ఒకేలా మానుతున్నాయో లేదోనని సబీహాగారు మాటలపెట్టెలో రోజూ ఇద్దరి గాట్ల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. ఒక్క రోజు నాదే ముందుంది. టీచరు అది మనసులో పెట్టుకుంది.

నా రాళ్లు సీసాలో పెట్టి ఇచ్చారు. గ్రేసమ్మ టీచరు వాటిని బడికి పట్టుకెళ్లి, రాయి అంటే ఇదర్రా అని పిల్లలకి చూపించింది. పిల్లలు నన్ను చూడ్డానికి గుంపుగా వచ్చారు. ఇంకా ఉన్నాయా అని ఒకత్తె అడిగింది. లేవంటే చాలా నిరాశపడింది.

తుఫానుకి పదకొండు ఇళ్ల కింద తిత్తులు చిల్లులు పడ్డాయి. సబీహాగారు సరేనన్నాకే నీళ్లలోకి దిగి, అన్నిటికీ మాట్లు వేశాను. ఇంట్లో మాత్రం వదినని బిందె ఎత్తనివ్వను, చాప దులపనివ్వను. ఆవిడ బెల్టు బిగించుకుని కూర్చుని నేను చేసే ప్రతి పనికీ వంక పెడుతుంది. దగ్గొచ్చినప్పుడు బొడ్డు మీద చెయ్యి అదుముకుని, నేను చూశానా అని అటు తిరుగుతుంది. చూశాననీ, చూడనట్టు ఉన్నాననీ ఆవిడకి తెలుసు. ఆ హెర్నియా ఈ రెండు నెలలూ సర్దుకుని ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. ఈసారి తినకముందే మొక్కుతున్నాను.

పీతయ్యగారూ, ఇవన్నీ మీరు చదువుతారని నాకు తెలుసు. రోజూ తిండే కాక ఊరి సంగతులు కూడా మీ మీద రుద్దుతున్నాను. మీరు నేర్చుకోవడం మీద ఆధారపడినవారుగదా, ఇవీ నేర్చుకోండి. వేపుడు గురించి మాత్రం ఏమీ అనుకోకండి, వాళ్లు మీకు చుట్టాలు కారు.

మార్గశిర పౌర్ణమి

పడవ వచ్చింది. సముద్రం అద్దంలా ఉంది.

సబీహాగారు రేవులో దిగుతూనే నన్ను వాటేసుకున్నారు. కమిటీ కూర్చుందట. నా ఆపరేషన్, ఆ తర్వాత అదే గదిలో జరిగిన తాతదీ టీచరుదీ, మూడూ పక్కపక్కన పెట్టి చూశారట. తేడా ఏమీ కనిపించలేదు. చివర పెట్టే నియమం అన్ని పడవల్లోంచీ తీసేశారు. పాత లెక్కలు కూడా తిరగదోడుతున్నారట, ఎంతమంది జబ్బు వల్ల పోయారో, ఎంతమంది వాయిదాల వల్ల పోయారో విడదీయడానికి. అది విని పోలయ్య తాత తన అక్క పేరు కూడా అందులో ఉంటుందన్నాడు. ఆయనకి అక్క ఉండేదని మాకెవరికీ తెలియదు. వదిన వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

ఇంకో సంగతి కూడా జరిగిందట. వాయిదా పడిన ప్రతి రోగి పేరు పక్కనా కారణం రాయాలి. పోటు చాలలేదు, రోగి ఒప్పుకోలేదు, ఇలా పాతకాలం నుంచీ ఉన్న మాటలు నాలుగో అయిదో. వదిన పేరు పక్కన వాటిలో ఏదీ సరిపోవడం లేదని, కొత్త మాట ఒకటి చేర్చనివ్వమని పీతయ్యగారు తనంతట తనే కమిటీని అడిగాడట. ఏమిటా మాటంటే సబీహాగారు చెప్పలేదు. మీరే వినండి అన్నారు.

ఈరోజు వచ్చినవాళ్లు అయిదుగురు. పక్క తెప్పల ఊరి నుంచి ఒక కుర్రాడు కూడా ఉన్నాడు, నాలాగే సూది వేయించుకునేవాడు. అతని పేరు రెండోది, ఎందుకంటే రేవుకి రెండోవాడుగా వచ్చాడు. అంతకుమించి కారణమేమీ లేదు. మొదటి పేరు చదివేముందు పీతయ్యగారు పట్టకార్లు రెండూ దగ్గరికి చేర్చాడు. నమస్కారం పెట్టాడంది వదిన.

"ఆయ్. మొదటివారు నాగిడి మంగతాయారుగారండి. కారణం, పోయినసారి ఆఖరి పంతి."

ముందు తాత నవ్వాడు, ఆ తర్వాత అందరూ. వదిన మాత్రం నవ్వలేదు. ఎన్ని విందులకి వడ్డించిందో, ఎన్నిసార్లు అడుగంటిన గిన్నె గీరుకుందో. ఆవిడ కళ్లనిండా నీళ్లు చూడటం నాకు ఇదే మొదటిసారి. లోపలికి వెళ్తూ నా చెయ్యి వదిలి, "నేనొచ్చేదాకా పీతలు కొనకు," అంది. రెండడుగులు వేసి, "కొన్నా వేపకు," అంది.

కొన్నాను. వేపలేదు. బుట్టలో తడిగోనె కింద ఉన్నాయి. వదినకి తినడానికి వీలైన రోజున నేను వేపి, నేను వడ్డించి, ఆవిడ చెయ్యి కడుక్కున్నాకే నేను కూర్చుంటాను.

తిన్నది: ఇంకా ఏమీ లేదు. వదిన లోపల ఉంది.

నొప్పి: లేదు.